ముందే వచ్చిన పరామర్శలు

రిక్షాలోంచి కుట్టుమిషను కూడా దించుతుంటే బఖ్త్ బీబీకి గుండె జారింది.

బట్టల మూటతో ఆడది పుట్టింటికొస్తే అది అలక. రెండు రోజులు లస్సీ తాగి, తల్లి చేత తలకు నూనె రాయించుకుని, మూడోనాడు పోతుంది. కుట్టుమిషను కూడా ఎక్కించి పంపారంటే అది అలక కాదు. ముల్తాన్ పక్కన మా షుజాబాద్ వైపు ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"ఎవరు పంపారే?"

"ఇంకెవరమ్మా, నీ అల్లుడు." కనీజ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఆయనే ఎత్తి పెట్టాడు. తాడుతో ఆయనే కట్టాడు. మర్యాదలో లోటేం చెయ్యలేదులే."

"పిల్లలేరి?"

"పిల్లల సంగతి మాత్రం అడగొద్దు."

వాకిట్లో నవారు మంచం మీద పడుకున్న కొడుకు ఇమ్దాద్ లేచాడు. లేవడమంటే మనం లేచినట్టు కాదు. ఆరడుగుల మూడంగుళాల మనిషి ముందు పక్కకు ఒరగాలి, మోచెయ్యి ఆనించాలి, కాళ్లు ఒక్కొక్కటే దింపాలి. ఒకప్పుడు ఈ మనిషే ఇరవై రెండు అంగలు పరుగెత్తి వస్తుంటే అవతల బ్యాటు పట్టుకున్నవాళ్లు కాలివేళ్లు ముడుచుకునేవారు.

"మురీద్ ఏమన్నాడు?"

"'నా చెల్లెలు నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ అన్న చెల్లెలు మీ అన్న ఇంట్లో ఉంటుంది' అన్నాడు. అంతే అన్నా. కేకలేస్తే కాళ్లు పట్టుకుని బతిమాలేదాన్ని. కేకలు కూడా వెయ్యలేదు."

కుండమార్పిడి పెళ్లిళ్లు వాళ్లవి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఒకే షామియానా కింద, ఒకే ముల్లా చేత రెండు నికాలు. మురీద్ చెల్లెలు తస్లీమ్ ఈ ఇంటికి, ఇమ్దాద్ చెల్లెలు కనీజ్ ఆ ఇంటికి. ఆడవాళ్లిద్దరూ ఒకరికొకరు వదినలే, మగవాళ్లిద్దరూ ఒకరికొకరు బావలే. తక్కెడలో రెండు పళ్లేలు. ఒకదాంట్లోది తీస్తే రెండోది ఠప్పున నేలకు కొట్టుకుంటుంది.

తస్లీమ్ వెళ్లి మూడు రోజులైంది. అందుకే ఈ ఉదయం కనీజ్ వచ్చింది.

"టీవీలో మొగుడు పొగిడితే ఇల్లు వదిలిపోయిన ఆడదాన్ని నా జన్మలో చూళ్లేదు," అంది బఖ్త్ బీబీ. "నన్ను మీ నాన్న తిట్టడానికి తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేనెక్కడికి పోయానూ?"

"పొగిడాడా అమ్మా?"

"మరి కాదూ? దేశమంతా ఏడ్చింది."

కనీజ్ తల్లి వైపు చూసింది. తల్లి మిషను మీది తాడు ముడి విప్పడానికి వంగింది. ముడి విప్పడానికి అంతసేపు అక్కర్లేదు.

జరిగిందేమిటంటే, పోయిన శుక్రవారం లాహోర్ టీవీ వాళ్లు పాత ఆటగాళ్లను కూర్చోబెట్టి ఒక కార్యక్రమం చేశారు. అడిగేవాడు అడిగాడు: "పదకొండు టెస్టులు, నలభై మూడు వికెట్లు. అంత వేగం ఉన్న మనిషి ఇరవై ఆరేళ్లకే ఎట్లా మాయమైపోయాడు?" ఇమ్దాద్ పంతొమ్మిదేళ్లుగా చెబుతున్న జవాబే చెప్పాడు. వెస్టిండీస్ విమానం ఎక్కాల్సిన వారంలో నా బిడ్డ కడుపులోనే పోయింది. నా భార్య మంచం పట్టింది. ఆటా, ఇల్లా అంటే ఇల్లే అన్నాను. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. అక్కడున్నవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు తెల్లారగానే వీధిలో ఆడవాళ్లు వచ్చి తస్లీమ్‌ను కౌగిలించుకున్నారు. ఆమె అందరికీ టీ పోసింది. కప్పులు కడిగింది. చాదర్ కప్పుకుని అన్నగారి ఊరి బస్సెక్కింది.

"నేను వెళ్లి తీసుకొస్తాను," అన్నాడు ఇమ్దాద్.

"వెళ్లు. కానీ అన్నా," కనీజ్ ఇంకా గుమ్మంలోనే ఉంది, "ఉత్తచేతులతో వెళ్లకు. వదినకు ఏం కావాలో నీకు తెలుసు."

•

మర్నాడు ఆటోవాడు కిరాయి తీసుకోనన్నాడు.

"ఊరుకో ఇమ్దాద్ లంగాహ్ సాబ్. ఆ టీవీ ముక్క మా ఆవిడ పదిసార్లు చూసింది. అప్పట్నించీ ఇంట్లో నాకు రొట్టె లేదు, తిట్లే. 'ఆయనా మగాడే, నువ్వూ మగాడివే' అంటుంది. నువ్వు చేసిన పనికి ఈ జిల్లాలో మగాళ్లంతా తన్నులు తింటున్నారు."

ఇమ్దాద్ నవ్వలేదు. ఆటో గుంతలో పడినప్పుడల్లా నడుము పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

మురీద్ మామిడితోటలో కాయలు పెట్టెలకెత్తిస్తున్నాడు. బావను చూసి లేచాడు, చెయ్యి కలిపాడు, తన కుర్చీ ఇచ్చాడు. చల్లటి నీళ్లు తెప్పించాడు. శత్రువైతే నీళ్లివ్వడు, చుట్టమైతే "ఎప్పుడొచ్చావు" అంటాడు. మురీద్ నీళ్లిచ్చాడు, ఆ మాట మాత్రం అనలేదు.

"బావా, కనీజ్ ఏం తప్పు చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. నా పెళ్లాం బంగారం." మురీద్ పెట్టెలో కాగితం పరిచాడు. "పొద్దున రొట్టెలు నేనే కాల్చాను. పిల్లలు వాటిని మేకకేశారు. మేక కూడా ఆలోచించింది."

"మరెందుకు పంపావు?"

"నువ్వు చెప్పు. నా చెల్లెలు వచ్చి కూచుంది. కొట్టాడా అంటే కాదంటుంది. ఇంకోత్తిని తెస్తున్నాడా అంటే కాదంటుంది. తిండి పెట్టట్లేదా అంటే నవ్వుతుంది. మరెందుకొచ్చావే అంటే నోరు తెరవదు. ఊళ్లో నన్ను అడుగుతున్నారు బావా. నేను చేతులు కట్టుకు కూచుంటే, చెల్లెలి ఉసురు పోసుకుని పెళ్లాంతో కులుకుతున్నాడంటారు. పద్ధతి ప్రకారం చెయ్యాల్సింది చేశాను. తస్లీమ్‌ను తీసుకుపో. ఈ పూటే వచ్చి కనీజ్‌ను తెచ్చుకుంటాను. నూరీ నిన్నట్నించీ మొహం కూడా కడుక్కోలేదు."

నూరీ వాళ్ల చిన్నపిల్ల. ఆరేళ్లది.

తస్లీమ్ పెరట్లో పచ్చి మామిడికాయలు తరుగుతోంది. భర్త వచ్చి నిలబడ్డాడని తెలిసినా కత్తి ఆపలేదు.

"పద, ఇంటికి పోదాం."

కత్తి కాయలో దిగింది.

"నేను నిన్ను ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడానా?"

"లేదు. ఎక్కువే చేశారు."

"పంతొమ్మిదేళ్లుగా చెబుతున్న మాటే గదా. ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?"

"ఇన్నాళ్లూ మీరు మగాళ్ల మధ్య చెప్పుకున్నారు. నా చెవిన పడలేదు. మొన్న నా వంటింట్లోకి వచ్చి చెప్పారు." టెంక తీసి పక్కన పడేసింది. "మీ జట్టు మేనేజరు ఫోన్ చేసిన రోజు గుర్తుందా?"

ఇమ్దాద్ పెరటి గోడకు చెయ్యి ఆనించాడు.

"ఫోను నా చేతికిచ్చి మీరు తలుపు చాటుకు పోయారు. ఏడువు, ఏడువు అని సైగ చేశారు. ఆయన పెద్దమనిషి. 'అమ్మా, అల్లా నీకు ఓర్పునివ్వాలి. చిన్న వయసు, మళ్లీ పిల్లలు పుడతారు' అన్నాడు. ఆయన ఆ మాట అంటుంటే లోపల నా బిడ్డ తన్నింది. అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. ఆ తన్నడం ఫోన్లో వినపడుతుందేమోనని భయం నాకు. ఇరవై ఏళ్ల పిల్లని, ఏం తెలుసు?"

"తస్లీమ్..."

"తర్వాత పదమూడు రోజులకు నిజంగానే పోయింది."

"నా మాట తగిలి పోయిందంటావా? డాక్టరమ్మ ఏం చెప్పింది? ఒంట్లో రక్తం లేదని చెప్పలేదూ?"

"చెప్పింది. నేను కాదన్నానా? బిడ్డ పోయిందని మీ మీద నేరం మోపట్లేదు." ఆమె మొదటిసారి తలెత్తింది. "పోయినాక ఎవరొచ్చారు పరామర్శకి? ఒక్కరూ రాలేదు. ఎట్లా వస్తారు? అప్పటికే అందరూ వచ్చి వెళ్లిపోయారు. మీ అమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చింది, మీరు చాదర్ కింద పెట్టుకు తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదు. నన్ను ఏడవద్దన్నారు. ఏడిస్తే పక్కింటివాళ్లు 'మళ్లీ ఏమైంది' అంటారన్నారు. ఏడవమన్న రోజు ఏడ్చాను, వద్దన్న రోజు మానేశాను. ఇంకేం చెయ్యాలి మీకు?"

పెరట్లో ఎండ. తోటలో పెట్టెలకు మేకులు కొడుతున్న చప్పుడు.

"ఏం చెయ్యమంటావు?"

"నిజం చెప్పండి. లాహోర్ దాకా పోనక్కర్లేదు. ఎక్కడైనా సరే, నలుగురూ వినేట్టు. నడుం విరిగిందని, దాచానని. ఆ రోజుకి నా బిడ్డ బతికే ఉందని. అది చెప్పిన పూట వచ్చేస్తాను. బండి కూడా పంపనక్కర్లేదు."

•

తిరుగుదారంతా ఇమ్దాద్‌కు ఆ నడుమే.

కరాచీ టెస్టు మూడో రోజు, బంతి వదిలిన క్షణంలో వెన్నులో ఎవరో సన్నటి సీల దించినట్టయింది. ఎవరికీ చెప్పకుండా ముల్తాన్ వచ్చి ఎక్స్‌రే ఫోటో తీయించాడు. ఎముకలో వెంట్రుకంత పగులు. ఆరు నెలలు బంతి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ రోజుల్లో నడుము విరిగిన ఫాస్ట్ బౌలరంటే కాలు విరిగిన టాంగా గుర్రం. వెనకాల నలుగురు కుర్రాళ్లు బూట్లు కట్టుకుని కాచుకుని ఉన్నారు. క్రికెట్ బోర్డు డాక్టరుకు చెప్పాడో, పేరు కొట్టేస్తారు. అందుకని ఆ ఫోటో కాలువలో పారేసి, మనవాళ్లు చేసే పనే చేశాడు. కుస్తీ పట్టేవాళ్ల ఎముకలు సరిచేసే ముసలి పహిల్వాన్ దగ్గరికి వెళ్లాడు. పహిల్వాన్ ఆవనూనె పోసి, వీపు మీద మోకాలు పెట్టి, రెండు భుజాలూ పట్టి ఒక్క లాగు లాగాడు. ఖటుక్కుమంది. "విన్నావా? కుదురుకుంది," అన్నాడు.

కుదురుకోలేదు. ఆ సాయంత్రం నుంచి ఇమ్దాద్ వంగి చెప్పులు తొడుక్కోలేకపోయాడు. విమానానికి తొమ్మిది రోజులుంది.

గాయమైనవాడి చోటు ఇంకొకడికిస్తారు. దుఃఖంలో ఉన్నవాడి చోటు అట్టిపెడతారు. బోర్డు వాళ్లూ పిల్లలున్నవాళ్లే కదా. ఆ తెలివి ఇమ్దాద్‌దో, వాళ్లమ్మదో, ఇప్పుడు అడిగితే ఇద్దరూ చెప్పరు. చోటు అట్టిపెట్టారు కూడా. మరుసటేడు రెండు టెస్టులు ఆడించారు. వేగం లేదు. బంతి వెళ్లి బ్యాటును అడిగి తగిలేది. అంతటితో సరి.

ఇంటికొచ్చి తస్లీమ్ అడిగింది చెప్పేసరికి బఖ్త్ బీబీ పిండి పిసుకుతున్న చెయ్యి ఆగింది.

"చెబుతావా?"

"చెప్పకపోతే కనీజ్ గతేంటమ్మా?"

"మురీద్ ఎన్నాళ్లుంచుతాడు? రొట్టెలు కాల్చుకోలేక నెల్లో వాడే వస్తాడు."

"రాకపోతే?"

"సరే, చెప్పావనుకో. నీకేం మిగులుతుందిరా?" ఆమె పిండి పళ్లెం పక్కకు తోసింది. "నలభై మూడు వికెట్లు ఎవడికి గుర్తున్నాయి? మన పక్కింటివాడికి గుర్తున్నాయా? ఆటోవాడు కిరాయి వద్దన్నాడన్నావే, నువ్వు గిరాటేసిన బంతుల్ని చూసి వద్దన్నాడా? వాడికి ఊహ తెలియకముందువి అవి. జట్టుకు అబద్ధం చెప్పినవాడు, బతికున్న బిడ్డను చచ్చిందన్నవాడు. ఈ రెండు బిరుదులూ తగిలించుకుని రేపు బజారుకెళ్లు, టమాటాలు కూడా అమ్మరు నీకు."

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది నువ్వు."

"ఆ రోజు నువ్వు పసిపిల్లాడిలా నా ఒళ్లో పడి ఏడుస్తున్నావు. నేనేం చెప్పను?"

పక్కగదిలో కనీజ్ ఫోను మోగింది. పెద్దకూతురు సిద్రా. గోడ ఇవతలికి కనీజ్ మాటలు మాత్రమే వినిపించాయి.

"నూరీ తిందా?... పోనీ పాలు?... జుట్టు నిన్ను దువ్వనివ్వదే, నేను పాయ తీసే తీరు వేరు. ముందు వెనకవైపు చిక్కు తియ్యి... ఏడవకు, నువ్వేడిస్తే అదీ ఏడుస్తుంది... ఎప్పుడొస్తానంటే ఏం చెప్పనే? మీ నాన్ననడుగు... వద్దు, అడక్కు."

ఫోను పెట్టేసిందో, పట్టుకునే కూర్చుందో తెలియదు.

ఇమ్దాద్ గోడ పట్టుకుని లేచాడు.

"సాబిర్‌ను పిలుస్తాను," అన్నాడు.

•

సాబిర్‌కు బజారులో మొబైల్ కొట్టు ఉంది. దాంట్లోనే ఒక మూల 'షుజాబాద్ ఆవాజ్' కూడా ఉంది. అంటే ఒక ఫోను, ఒక కర్ర, లక్షా పదివేల మంది చూసేవాళ్లు. శుక్రవారం నమాజు కాగానే వచ్చి వాకిట్లో కర్ర పాతాడు.

"అన్నా, కుర్తా మార్చుకుంటావా? చంకల్లో చెమట కనపడుతోంది. పోనీలే, నిజాయితీగా ఉంటుంది. ఇంతకీ ఎవరి మీద? బోర్డు మీదా? సెలెక్టర్ల మీదా? పేర్లు చెప్పు, బాగా పోద్ది."

"నా మీదే."

"అంతకంటే బాగా పోద్ది," అని సాబిర్ మీట నొక్కాడు.

ఇమ్దాద్ చెప్పాడు. టీవీలో చెప్పినట్టు గొంతు పూడుకోలేదు. ఎండిన కొమ్మలు విరిచినట్టు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కరాచీలో నడుము విరిగింది. దాచాను. ఫోటో కాలువలో పారేశాను. పహిల్వాన్ దగ్గరికి పోయి ఉన్నది చెడగొట్టుకున్నాను. బోర్డుకు అబద్ధం చెప్పాను. బిడ్డ పోయిందని నేను చెప్పిన రోజుకి బిడ్డ బతికే ఉంది. నా భార్య వల్ల నా ఆట ఆగలేదు. నా ఆటను నేనే పోగొట్టుకున్నాను. తర్వాత బిడ్డ పోతే ఆమెను ఏడవనివ్వలేదు.

సాబిర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కర్ర మీది ఫోనులో అక్షరాలు కిందినుంచి పైకి పాకుతున్నాయి.

అప్పుడు వంటింటి తలుపు తీసుకుని బఖ్త్ బీబీ వచ్చింది. తల మీద చాదర్ సర్దుకుంది, సరాసరి ఫోను ముందుకొచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"అయ్యల్లారా, మీరే చూడండి నా కొడుకు మనసు. పెళ్లాం అలిగి పోతే, ఆమెను తెచ్చుకోవడానికి లేని నింద నెత్తినేసుకుంటున్నాడు. ఎక్కడైనా ఉందా ఇట్లాంటి మగాడు?"

"అమ్మా! ఏంటమ్మా ఇది?"

"నాన్నా, చాలు. తిరిగొస్తుంది. నిన్ను నువ్వు ఇంతలా చిన్నబుచ్చుకోకు." ఆమె నిజంగానే ఏడ్చింది. కన్నీళ్లు దొంగవి కావు. దేనికోసమన్నదే వేరు.

"నిజంరా సాబిర్! అల్లా మీద ఆన, నేను చెప్పింది నిజం!"

"ఎక్స్‌రే ఏదన్నా ఉందా అన్నా?"

"చెప్పానుగా, కాలువలో..."

"పహిల్వాన్ గారు?"

"పోయి పదేళ్లయింది."

సాబిర్ కళ్లు తుడుచుకున్నాడు. "అన్నా, నీకు బంతి వెయ్యడం వచ్చు గానీ అబద్ధమాడటం రాదు." ఫోను చేతిలోకి తీసుకుని పైకి చదవసాగాడు. "ఇదిగో, 'భర్త అంటే ఇలా ఉండాలి.' కరాచీ నుంచి, 'వదినగారూ, దయచేసి ఇంటికి వెళ్లండి, మా అన్నను ఏడిపించొద్దు.' ఇది దుబాయ్ నుంచి, 'ఏ ఆడదాని కోసం ఇంత మనిషి ఇలా వంగాడు, దాన్ని...' ఇది చదవను. నలభై వేలు దాటింది అన్నా!"

ఇమ్దాద్ తల తిప్పి వంటింటి వైపు చూశాడు. గడపలో కనీజ్ ఉంది. ఆ రోజుల్లో ఆమె ఈ ఇంట్లోనే ఉంది. సిద్రాను కనడానికి పుట్టింటికి వచ్చింది. అన్న నడుముకు ఇటుకలు వేడి చేసి కాపడం పెట్టింది ఆ చేతులే. తన పొత్తిళ్ల పిల్ల ఏడుపు వదినకు వినపడకూడదని డాబా మీదికి తీసుకుపోయి పాలిచ్చింది.

కనీజ్ అన్న కళ్లలోకి చూడలేదు. ఆమె మణికట్టును తల్లి ఎప్పుడు వెళ్లి పట్టుకుందో, గట్టిగా పట్టుకుని ఉంది.

•

సాయంత్రం నమాజుకు ముందే గేటు దగ్గర జనం. ఎవరో గులాబీ రేకులు తెచ్చారు. ఎవరో డోలు కూడా తెచ్చారు. కొట్టాలో వద్దో తేలక డోలువాడు బీడీ కాలుస్తున్నాడు.

మురీద్ బండి ఆ జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. కాయలు మోసే చిన్న లారీ. ముందు సీట్లో తస్లీమ్.

బండి కూడా పంపనక్కర్లేదన్న మనిషి. తనంతట తాను రాలేదు. అన్న తెచ్చి దింపాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలామె ముందుకొచ్చి ఆమె నెత్తి మీద రేకులు చల్లి, "ఇంక బుద్ధిగా ఉండమ్మా, రాయిలాంటి మొగుణ్ణి కరిగించావు," అంది. తస్లీమ్ తల దులుపుకోలేదు.

మురీద్ లోపలికొచ్చి గేటు గడియ పెట్టాడు. మొహం కందగడ్డలా ఉంది.

"బావా, తెచ్చాను. ఇంక నా ఇంటి తరఫు ఫిర్యాదు లేదు."

"బావా, నేను చెప్పిందంతా నిజం. నువ్వైనా నమ్ము."

"నాకేం తెలుసు? అప్పుడొకటి చెప్పావు, ఇప్పుడొకటి చెబుతున్నావు. నువ్వు ఏ రోజున అబద్ధమాడావో నేనెట్లా కనుక్కునేది? మధ్యాహ్నం నుంచీ నా ఫోను ఆగట్లేదు. 'మీ చెల్లెలు పులిలాంటి మనిషి చేత ముక్కు నేలకు రాయించింది' అని. నా తోటలో కూలోళ్లు కూడా చూశారు. ఇదేమో లారీలో దారంతా ఒకటే మాట. 'అన్నా, ఆయన చెప్పింది నిజం, అన్నా, ఆయన చెప్పింది నిజం.' మీ అమ్మేమో కాదంది. పెద్దామె, నమాజు చేసే మనిషి."

బఖ్త్ బీబీ తస్బీ పూసలు తిప్పుతూ గోడకేసి చూస్తోంది.

మురీద్ భార్య వైపు తిరిగాడు. మూడు రోజుల తర్వాత చూస్తున్నాడు, గొంతు కాస్త మెత్తబడింది.

"కనీజ్, నువ్వప్పుడు పురిటికి ఇక్కడే ఉన్నావు. నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. చెప్పు. బావ చెప్పింది నిజమేనా? నిజమైతే తస్లీమ్‌ను ఒక్క క్షణం ఇక్కడ ఉంచను. బిడ్డ బతికుండగా చచ్చిందని చెప్పించిన ఇంట్లో నా చెల్లెల్ని వదలను. ఇప్పుడే ఎక్కించుకు పోతాను."

మిగతాది అతను చెప్పనక్కర్లేదు. తస్లీమ్ ఆ బండెక్కితే కనీజ్ ఎక్కదు. ఒక బండి, ఒకే సీటు. ఆ ఇద్దరు వదినలకీ పెళ్లిరోజు నుంచి తెలిసిన సంగతే.

తస్లీమ్ ఆమె వైపు చూసింది. బతిమాలుతున్నట్టు లేదు. బెదిరిస్తున్నట్టూ లేదు. ఆ ఇంట్లో ఇంకొక్కరికైనా తెలుసునన్న చూపు, అంతే.

కనీజ్ పెదవులు కదిలాయి. గేటు బయట ఎవరో ఇమ్దాద్ పేరు పెట్టి అరిచారు. డోలువాడు ఒక దెబ్బ కొట్టి ఆపాడు.

"పసిపిల్లతో ఉన్నానండీ," అంది కనీజ్. "నాకేం తెలియలేదు."

"కనీజ్!" అన్నాడు ఇమ్దాద్.

ఆమె అన్న వైపు తిరగలేదు. చాదర్ కొంగు నోట్లో కుక్కుకుని, తన మూట తెచ్చుకోవడానికి లోపలికి పరుగెత్తింది. మూట ఇంకా విప్పనే లేదు. వెనక్కి వస్తూ తస్లీమ్ పక్కన ఒక్క క్షణం ఆగింది. కాళ్ల మీద పడబోయినట్టు వంగింది. తస్లీమ్ భుజం పట్టుకుని లేపింది.

"పొద్దు పోతోంది, వెళ్లు వదినా. నూరీ జుట్టు చిక్కు పడి ఉంది. తడిపి దువ్వు, నొప్పి పుట్టదు."

బండి వెళ్లిపోయింది. గేటు అవతల జనం ఇంకా కదల్లేదు. భార్యాభర్తలు కలిసి ఒకసారి బయటికి వస్తే చూసి పోదామని నిలబడ్డారు.

వాకిట్లో ముగ్గురే మిగిలారు.

"తస్లీమ్, నేను చెప్పాను," అన్నాడు ఇమ్దాద్. "నువ్వు విన్నావుగా. మొత్తం చెప్పాను."

"విన్నాను. బాగానే చెప్పారు," అందామె. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఇమ్దాద్‌కు కొంచెం ఊపిరాడేది.

ఆమె చెప్పులు విడిచి, గడప ఇవతలే నిలబడి, అత్తగారి వైపు తిరిగింది.

"నన్ను ఏ గదిలో ఉండమంటారత్తమ్మా?"

ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ ఇంటి తాళాలు తస్లీమ్ దగ్గరే ఉన్నాయి. బఖ్త్ బీబీ చేతిలో పూసలు ఆగిపోయాయి.

తస్లీమ్ జవాబు కోసం అలాగే నిలబడింది.